నాన్న ఎక్స్‌రే కవరు

గిరావీన్, సిడ్నీ
29 జూన్ 2025

అక్కకు,

క్షేమం అడగను. పింకీ పుట్టినరోజు ఫోటోలు చూశాను. అందరూ కేకు పూసుకుని నవ్వుతున్నారు కాబట్టి క్షేమమే.

నీ నంబరు బ్లాక్ చేసిన మాట నిజం. ఫోనులో నేను గట్టిగా అడగ్గానే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడవగానే నేను ఆగిపోతాను. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే వరస. కాగితం మీద ఏడిస్తే నాకు వినపడదు. అందుకని ఉత్తరం.

అడిగేది ఒక్కటే. నాన్న బొమ్మలేవి?

ఫోటోలో కేకు వెనక నాన్న గది తలుపు తెరిచి ఉంది. మంచం లేదు. బావ ట్రెడ్‌మిల్ ఉంది. బీరువా మీద ఆ పెద్ద ఎక్స్‌రే కవరు లేదు. ఏలూరు ఆసుపత్రిలో అమ్మకు తీసిన ఎక్స్‌రేల కవరు అది. అమ్మ పోయాక ఎక్స్‌రేలు పారేసి కవరు మాత్రం ఉంచుకున్నాడు నాన్న. మీ ఇంటికి వచ్చిన నాలుగేళ్ళలో వేసినవన్నీ అందులోనే పెట్టుకున్నాడు. పోయిన ఏడాది జనవరిలో వచ్చినప్పుడు నేనే లెక్కపెట్టాను, యాభై ఎనిమిది. మొన్న ఫోనులో అడిగితే "లేవురా" అన్నావు. ఇంట్లో పెరుగు లేదు అన్నట్టు చెప్పావు. లేవంటే ఎక్కడ లేవు? ఎప్పటినుంచి లేవు?

ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చాయిరా అంటావు. చెబుతాను.

నేను చేసేది పటాలు కట్టే షాపులో పని. సంబంధాల వాళ్ళకు నువ్వు "ఆర్ట్ ఇండస్ట్రీలో ఉన్నాడు" అని చెబుతున్నావట. అట్టలు కోస్తాను, అద్దాలు తుడుస్తాను, వారానికో వేలు తెగ్గోసుకుంటాను. అదీ నా ఇండస్ట్రీ. మే నెలలో ఒక ముసలాయన చిన్న పటం తెచ్చాడు, ఫ్రేము పుచ్చిపోయింది మార్చమని. వెనకాల మేకులు పీకి విప్పాను. లోపల అరచేతంత కాగితం. సన్నటి నల్లగీతల అచ్చు బొమ్మ. గుట్ట, గొర్రెలు, పైన చంద్రుడు. చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. అక్కా, అది నాన్న చంద్రుడు.

వేసినవాడి పేరు శామ్యూల్ పామర్. ఇంగ్లండువాడు, రెండొందల ఏళ్ళ నాటివాడు. లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ తెచ్చి నెలరోజులు చదివాను. యూనివర్సిటీ చదువు మధ్యలో వదిలేసినవాడికి పుస్తకాలెందుకని బావ నవ్వుతాడు, నవ్వుకోనీ. ఇరవై ఒక్క ఏళ్ళకు లండన్ వదిలేసి షోరమ్ అనే పల్లెకు పోయాడు. పంటచేలో చంద్రుణ్ణి వేస్తే చేను కన్నా చంద్రుడే పెద్దగా ఉంటాడు. చెట్లలో ఎవరో దీపాలు పెట్టి మూసినట్టు ఉంటుంది. ముదురు గోధుమరంగు సిరాలో బంక కలిపి ముద్దగా పూసేవాడు. చూసినవాళ్ళు నవ్వారు. స్నేహితులతో కలిసి పొద్దువాలాక పొలాల వెంట తిరుగుతుంటే, వీళ్ళెవరో జాతకాలు చెప్పేవాళ్ళనుకున్నారట ఊళ్ళోవాళ్ళు.

నాన్న ఈయన పేరు కూడా వినలేదు. కైకలూరు హైస్కూలు డ్రాయింగు మాస్టారు ఎక్కడ వింటాడు? అయినా అదే చంద్రుడు, అదే బంక. మీ సరస్సు గట్టున వాటిల్ చెట్టు బంక గోటితో గీకి తెచ్చేవాడు గుర్తుందా, "ఇది మన తుమ్మకు చుట్టమేనే" అంటూ. పొద్దున పాలల్లో వేసుకునే సీరియల్ డబ్బాల అట్టలు కత్తిరించి, మీ స్ప్రింగ్‌ఫీల్డ్ యూకలిప్టస్ చెట్ల కింద మన కొల్లేటి వరిచేలు పరిచేవాడు. రెండు ఊళ్ళూ ఒకే వెన్నెల్లో.

ఆ యాభై ఎనిమిది కాక నా దగ్గర ఉన్నది ఒక్కటి. ఎయిర్‌పోర్టులో నా జేబులో పెట్టాడు. పర్సులోంచి తీసి మా ఓనరు గ్రెగ్‌కు చూపించాను. గ్రెగ్ మాటలు పొదుపు. భూతద్దం పెట్టుకుని పది నిమిషాలు చూసి, "మిగతావెక్కడ?" అన్నాడు. ఆయన స్నేహితురాలు ఒక చిన్న ఊరి గ్యాలరీ చూసుకుంటుంది. సెప్టెంబరులో మూడు వారాలు ఒక గోడ ఖాళీ. ఆగస్టు నెలాఖరులోపు అన్నీ చూడాలంది.

యాభై ఎనిమిదీ పంపు. కవరుతో సహా.

ప్రశాంత్

పండు అని రాయకు. వయసు ఇరవై ఆరు.

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్, బ్రిస్బేన్
7 జూలై 2025

చిరంజీవి పండుకు అక్క ఆశీస్సులు.

రాయకన్నావు, రాశాను. నీకు యాభై వచ్చినా పండువే.

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను. కవరు మీద అచ్చం నాన్న చేతిరాత. ఆ "స" చివర తోక లాగడం కూడా అదే. పోస్టు పెట్టె దగ్గరే నిలబడి రెండుసార్లు చదివాను.

ట్రెడ్‌మిల్ బావది కాదు, నాది. చక్కెర హద్దు దాటిందని డాక్టరు నడవమన్నాడు. ఓల్డేజ్ హోము డ్యూటీలో ఎనిమిది గంటలు నడిచేది నడక కాదట. మంచం బావ పారెయ్యలేదు, మా హోములో ఒక నేపాలీ నర్సు కొత్తగా కాపురం పెడుతుంటే ఇచ్చాను. పింకీకి ముందు పన్ను ఊడింది. నీకు ఫోటో పంపుదామంటే నువ్వు దారి మూసేశావు. ఇక్కడ చలి మొదలైంది, మీ దగ్గర ఇంకా ఎక్కువట. గదిలో హీటరు ఉందా? ఆరుగురు ఉంటే హీటరెందుకు అని వెధవ జోకులు వెయ్యకు.

నువ్వు రాసిన ఆ పెద్దమనిషి సంగతి బాగుంది. పింకీకి చెప్పాను. అది చిన్నప్పుడు తాతయ్యను "తాతా, వై ఈజ్ ద మూన్ సో బిగ్?" అని అడిగితే, "దగ్గర కూర్చుని చూశానమ్మా" అన్నాడు నాన్న. నీ ఉత్తరం చదువుతుంటే ఆ మాట గుర్తొచ్చింది.

బొమ్మలు ఇంట్లో లేవు. అంతకు మించి అడగకు. అడిగినా నేను చెప్పలేను. ఆ గ్యాలరీ ఆవిడకు నీ దగ్గరున్నదే చూపించు.

వచ్చే నెల పదమూడున నాన్న సంవత్సరీకం. పురోహితుడితో మాట్లాడాను, పొద్దున ఎనిమిదికి వస్తారు. నువ్వు ముందురోజే వచ్చెయ్. కంద బచ్చలి చేస్తాను, నాన్నకు ఇష్టం.

నీ అక్క
కుసుమ

గిరావీన్
13 జూలై 2025

అక్కా,

మూడు పేజీలు రాశావు. పన్ను, హీటరు, కంద బచ్చలి. నేను అడిగినదానికి మూడు ముక్కలు. "బొమ్మలు ఇంట్లో లేవు." బాగుంది.

నేనే చెబుతాను, తప్పయితే దిద్దు. మీ వీధిలో కౌన్సిల్ వాళ్ళు పాత సామాను ఎత్తుకుపోయే వారం ఉంటుంది. విరిగిన కుర్చీలు, కుళ్ళిన పరుపులు గుమ్మం ముందు పెడతారు. ఆ గుట్ట మీద ఎక్స్‌రే కవరు కూడా పెట్టారు. పెట్టింది బావ. నువ్వు చూసి ఊరుకున్నావు. అంతేనా?

దీపావళి నాడు మీ ఇంట్లో ఏం జరిగిందో నేను మర్చిపోలేదు. ఆ జనార్దనరావు అంకుల్ నాన్న బొమ్మ తలకిందులుగా పట్టుకుని, "మాస్టారూ, ఇది ఇడ్లీయా చంద్రుడా?" అన్నాడు. పదిమందీ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు, అదే నాకు మండింది. ఆ బొమ్మ మెల్లగా తీసుకుని కవర్లో పెట్టేశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరికీ చూపించగా నేను చూడలేదు.

పామర్ కూడా అంతే చేశాడు. షోరమ్‌లో వేసినవి ఎవరూ కొనలేదు. పెళ్ళయింది. మామగారు పేరున్న చిత్రకారుడు, పెద్ద నోరు. అందరికీ నచ్చేట్టు వెయ్యమన్నారు. వేశాడు. చంద్రుణ్ణి చిన్నది చేశాడు. పొట్టకూటికి ఎవరెవరి పిల్లలకో డ్రాయింగు చెప్పుకున్నాడు, నాన్నలాగే. షోరమ్ బొమ్మలు మాత్రం రెండు అట్టల మధ్య పెట్టి, నమ్మకమైనవాళ్ళకే తీసి చూపించేవాడట. ముసలితనంలో మళ్ళీ ఆ చంద్రుడే వచ్చాడు, నేను ఫ్రేము మార్చిన అచ్చు బొమ్మ అప్పటిదే.

డ్రాయింగు చెప్పడం అన్నాను కదా. నాన్న ఎవరికీ సున్నా వెయ్యలేదు తెలుసా. బొమ్మ బాగోకపోతే ఎర్ర పెన్సిలుతో మూలన "మళ్ళీ" అని రాసి ఇచ్చేవాడు. నా పుస్తకం నిండా మళ్ళీలే. మా క్లాసులో ఒకడికి ఒకే ఏనుగు మీద ఏడు మళ్ళీలు పడ్డాయి, ఎనిమిదోది హెడ్మాస్టరు గదిలో పెట్టారు. అలాంటి మనిషి బొమ్మల్ని మీరు చెత్తలో వేశారు.

పామర్ పోయాక ఏమైందో విను. పెద్దకొడుకు ముందే పోయాడు. చిన్నకొడుకు ఆల్ఫ్రెడ్ మిగిలాడు. 1909లో తండ్రి నోటుపుస్తకాలు, బొమ్మలు గుట్టపోసి తగలబెట్టాడు. ఎన్నో రోజులు మండిందట. ఎందుకురా అంటే, ఇవి ఎవరికీ అర్థం కావు, ఎవరో నవ్వేకన్నా కాలిపోవడం నయం అన్నాడట. ఇంకో పదిహేడేళ్ళకు లోకమంతా పామర్‌ను నెత్తిన పెట్టుకుంది. ఆ కొడుకు నాకు దొరికితే వాడి చేతుల్ని మా షాపులో అట్టలు కోసే మిషను కింద పెట్టేవాణ్ణి. చదివిన రోజు అన్నం తినలేదు.

నాన్న ముఖం కూడా నన్ను చూడనివ్వలేదు మీరు. సిడ్నీలో పొగమంచుకు విమానం రెండు గంటలు ఆగింది. దహనశాలకు పరిగెత్తుకుంటూ వస్తే పెట్టె మూత బిగించేశారు. తెరవమంటే నువ్వు అడ్డం నిలబడ్డావు. అప్పుడూ కారణం చెప్పలేదు. ఇప్పుడూ చెప్పవు. మీ ఇంట్లో నాకు అన్నీ మూతలే.

ఎవరు చేశారో రాయి. పేరు చాలు.

ప్రశాంత్

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
20 జూలై 2025

పండూ,

బావను అనకు.

నాన్న సీరియల్ డబ్బాలు కత్తిరించేవాడు, నిజమే. ఆ డబ్బాల్లో సీరియల్ తిన్నది ఎవరనుకున్నావు? నాన్నకు పడదు, పింకీకి నచ్చదు. అట్ట తెల్లగా ఉందని ఆ ఒక్క రకమే కొనమనేవాడు నాన్న. నాలుగేళ్ళు పొద్దున్నే ఆ రంపపు పొట్టు తిన్నది బావ. ఇడ్లీ జోకుకు నవ్వాడు, అవును. ఇంటికొచ్చిన పెద్దాయన జోకేస్తే ఏం చెయ్యాలి? నువ్వయితే గ్లాసు విసిరేవాడివి. నాన్న నేర్పిన మర్యాద నీకు అంటలేదు.

కౌన్సిల్ గుట్ట మీద ఎవరూ పెట్టలేదు. అమ్మలేదు. ఎవరికీ ఇవ్వలేదు. అవి ఏమయ్యాయో నీకు చెప్పనని నాన్నకు మాట ఇచ్చాను. ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుని అడిగాడు. ఇక నన్ను ఎన్ని తిట్టినా ఇదే జవాబు.

నీ పామర్ కథ రెండుసార్లు చదివాను. మామగారున్నారు, కొడుకులున్నారు, స్నేహితులున్నారు, ఆయన పెళ్ళాం పేరు ఎక్కడా లేదు. అరచేతంత కాగితాలు అన్నేళ్ళు చెద పట్టకుండా, వాన తడవకుండా ఎవరు చూశారు? వంటింట్లో ఎవరున్నారు? పుస్తకాల్లో ఉందా, లేక నువ్వే వదిలేశావా?

పదమూడుకు రా. టికెట్ కొన్నావా?

అక్క

గిరావీన్
26 జూలై 2025

కుసుమ గారికి,

ఆమె పేరు హన్నా. ఆమె కూడా బొమ్మలు వేసేది. పుస్తకాల్లో ఉంది, నేనే వదిలేశాను. ఈ ఒక్కటి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

నాన్న నీ చేత మాట తీసుకున్నాడా? నాకు చెప్పకూడదనా? నమ్మను. నాతో వారానికోసారి మాట్లాడేవాడు. ఏ రంగు కొన్నాడో చెప్పేవాడు, సరస్సులో కొంగ వచ్చిందని చెప్పేవాడు. ఏ తప్పు చేస్తే చచ్చేముందు నా పేరు చెప్పి మాట తీసుకుంటాడు? ఇది నువ్వు అల్లింది. చనిపోయినవాడు వచ్చి కాదనడు కదా. తెలివైన సాకు.

ఇంట్లో లేవు, చెత్తలో లేవు, అమ్మలేదు, ఇవ్వలేదు. ఇంకేం మిగిలింది? నాకూ బుర్ర ఉంది. కాల్చావు. పెరట్లో ఆ బార్బెక్యూ పొయ్యి మీద పెట్టి కాల్చి ఉంటావు, ఆదివారం మధ్యాహ్నం సాసేజీలు కాల్చే చోట. నాన్న పేరు చెప్పుకుని కాల్చావు. ఎవరూ నవ్వకుండా ఉండాలని కాల్చానంటావు, ఆల్ఫ్రెడ్ కూడా అదే అన్నాడు. అయిపోయింది, మన ఇంట్లో ఆల్ఫ్రెడ్ నువ్వే.

షాపులో గ్రెగ్ రోజూ అడుగుతున్నాడు, "మీ నాన్నవి వచ్చాయా?" అని. రోజూ పోస్టు లేటు అంటున్నాను. అరవై ఏళ్ళ తెల్లవాడు, మన భాష రానివాడు, నాన్న బొమ్మల కోసం ఎదురు చూస్తున్నాడు. కన్నకూతురు చెప్పలేను అంటుంది.

ఇక విను. నేను పదమూడుకు రాను. నాన్న బొమ్మలు ఎక్కడున్నాయో, ఏమయ్యాయో తెలిసేదాకా ఆయనకు పిండం పెట్టను. పురోహితుడితో చెప్పు, కొడుకు లేడని. బావతో పెట్టించుకో. ఆయన సీరియల్ తిన్నాడుగా, అదీ తింటాడు.

ఇట్లు
ప్రశాంత్

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్
2 ఆగస్టు 2025

పండూ,

నీ ఉత్తరం దాచాను. బావకు దొరికింది. చదివి మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత అన్నాడు, "ఇక చెప్పెయ్ కుసుమా. నన్ను తిట్టడానికి వాడి దగ్గర కొత్త మాటలు కూడా అయిపోయాయి." మొదటినుంచీ ఆయన చెప్పమనే అంటున్నాడు.

నన్ను ఏమన్నా పడతాను. నాన్నకు పిండం తప్పితే పడలేను. అందుకని మాట తప్పుతున్నాను. కూర్చుని చదువు.

పోయిన ఏడాది మే నెలలో నాన్న నీకోసం పదకొండు బొమ్మలు ఏరాడు. రెండు రోజులు ఏరాడు. హాలంతా పరిచి, పింకీని అటూ ఇటూ నడవనివ్వలేదు. నేను ప్యాక్ చేస్తానంటే వద్దన్నాడు. మీ గిరావీన్ అడ్రసు తనే రాసి పోస్టాఫీసుకు తనే నడిచి వెళ్ళాడు. నీకు ఫోన్ చేసి చెప్పాడు కూడా, ఒకటి పంపాను చూడు అని. మూడు వారాలకు ఆ పార్శిల్ తిరిగొచ్చింది. మీద స్టిక్కరు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివి నాకు వినిపించాడు, "ఎవరూ వచ్చి తీసుకోలేదట." అంతే అన్నాడు. బల్ల మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. నీకు ఫోన్ చేస్తానంటే, "వాడు రెండు షిఫ్టులు చేస్తున్నాడే, అడగకు" అన్నాడు.

ఆగస్టులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు కవరు సంగతి ఎత్తాడు. "పండు గదిలో చోటు లేదు. నీ ఇంట్లో నేనే చోటు తీసుకున్నాను, ఇవి కూడా ఎందుకు? నాతో వచ్చేయనీ." వద్దన్నాను. చెయ్యి పట్టుకున్నాడు. "వాడితో చెప్పకు. వాడి కోపం బయటివాళ్ళ మీద ఉన్నన్నాళ్ళు ఫర్వాలేదు. తన మీదకు తిరిగితే తట్టుకోలేడు."

అందుకే బావను తిట్టనిచ్చాను. నన్ను తిట్టనిచ్చాను.

నాన్నను సాగనంపే రోజు పొద్దున, స్నానం చేయించి కొత్త పంచె కట్టాక, ఎక్స్‌రే కవరు నాన్న గుండెల మీద పెట్టి ఉత్తరీయం కప్పాను. దహనశాల ఆవిడ అడిగింది, లోహంగానీ గాజుగానీ ఉందా అని. కాగితమే అన్నాను. నువ్వు వస్తున్నావని ఫోను వచ్చింది. నువ్వు ముఖం చూస్తావు, మీద పడి ఏడుస్తావు, కవరు నీ చేతికి తగులుతుంది. అందుకని మూత వెయ్యమన్నాను. నువ్వు తెరవమంటే అడ్డం నిలబడింది కూడా అందుకే.

ఇక్కడ కొరివి లేదు. గోడకు బటన్ ఉంటుంది, కొడుకు నొక్కాలి. నువ్వు వేలు పెట్టి నా వైపు చూశావు, నొక్కనా అన్నట్టు. అప్పుడు చెప్పాల్సింది. తల ఊపాను.

తిరిగొచ్చిన పార్శిల్ కూడా ఆ పెట్టెలో పెట్టాలనే తెచ్చాను. చేతిలోకి తీసుకుంటే పైన స్టిక్కరు మీద నీ పేరు. బతికున్నవాళ్ళ పేరున్న కాగితం పోయినవాళ్ళతో పంపకూడదనేది అమ్మమ్మ. తాతయ్యను పాడె ఎక్కించాక ఆగండాగండి అని అరిచి, ఆయన జేబులోంచి రేషన్ కార్డు లాగింది, అందరి పేర్లూ అందులో ఉన్నాయని. ఊరంతా ఏడుస్తూనే నవ్వింది, నువ్వు చిన్నవాడివి. అది గుర్తొచ్చి పెట్టలేదు. తిరిగి బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చి బియ్యం డ్రమ్ము వెనక దాచాను. సీలు విప్పలేదు.

ఈరోజు పోస్టు చేస్తున్నాను. స్టిక్కరు మీద స్టిక్కరు అంటించాను. ఈసారి తీసుకో.

పదమూడుకు రా. తిట్టడానికైనా రా.

అక్క

గిరావీన్
9 ఆగస్టు 2025

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. పన్నెండు సాయంత్రం విమానానికి వస్తున్నాను, చేతికే ఇస్తాను. నోటితో చెప్పమంటే అరుస్తాను, పింకీ భయపడుతుంది.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. షాపులో ఒక పెళ్ళి ఫోటోకు అద్దం పెడుతున్నాను. చదివి అద్దం పగలగొట్టాను. చెయ్యి జారింది అన్నాను. గ్రెగ్ నమ్మలేదు, చీపురు తెచ్చి తనే ఊడ్చాడు.

పోస్టాఫీసుకు వచ్చి తీసుకోమనే ఆ పార్శిల్ కార్డు నాకు అందలేదని రాద్దామనుకున్నాను. నాలుగు కాగితాలు రాసి చించాను. అందింది. ఆరుగురికి ఒకటే పోస్టు పెట్టె, పిజ్జా కాగితాల మధ్య వచ్చింది. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. నా పేరు చూశాను. నాన్నదని కూడా తెలుసు, ఫోన్ చేసి చెప్పాడు కదా. "సరే నాన్నా, పనిలో ఉన్నా" అన్నాను. శనివారం వెళ్దాం అనుకున్నాను. శనివారం నిద్రపోయాను. ఇంకో శనివారం కూడా. పోస్టాఫీసు మా గదికి ఏడు నిమిషాలు. కొలిచాను.

ఎవరిని తిట్టాలో ఇప్పుడు తెలియడం లేదు. నిన్ను తిట్టాలని ఉంది, అప్పుడే ఫోన్ చేసి నా గొంతు పట్టుకోనందుకు. నాన్నను తిట్టాలని ఉంది. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరి చెవులూ మెలేసిన మనిషి, కన్నకొడుకు చెవి మెలెయ్యడానికి మొహమాటపడ్డాడు. ఎందుకు తీసుకోలేదురా అని ఒక్క మాట అడిగితే పోయేదేముంది? నేను తట్టుకోలేనట. ఎవరు చెప్పారు ఆయనకు?

ఆల్ఫ్రెడ్ చేతులు మిషను కింద పెడతానన్నాను. వాడు తెలిసి కాల్చాడు. మంట దగ్గర ఉండి, ఎన్ని రోజులు మండిందో చూసి, తర్వాత నలుగురికీ చెప్పుకుని తిట్లు తిన్నాడు. నేను ఆకుపచ్చ బటన్ నొక్కి తల పక్కకు తిప్పుకున్నాను. నా ఎదురుగా నలభై ఏడు చంద్రుళ్ళు పోతుంటే, విమానం ఎన్నింటికి అని మనసులో లెక్కేసుకుంటున్నాను. నిన్ను ఆల్ఫ్రెడ్ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను వాడికన్నా అధ్వానం. బావను అన్నవి ఆయన ఎదురుగా నిలబడి వెనక్కి తీసుకుంటాను, నువ్వు మధ్యలో రాకు.

పార్శిల్ కార్డు నిన్న వచ్చింది. ఇవాళ శనివారం. పోస్టాఫీసు తొమ్మిదికి తెరుస్తారు, ఎనిమిదికే గుమ్మం ముందు నిలబడ్డాను. కౌంటరు పిల్ల లైసెన్సు చూసి, "చాలా తిరిగొచ్చిందే పాపం ఇది" అని నవ్వింది. ఆమెకేం తెలుసు. బరువు నాలుగు వందల ఎనభై గ్రాములని స్టిక్కరు మీద ఉంది. నాన్న వేసినవాటిలో, పర్సులోది కాక, భూమ్మీద ఇక మిగిలింది అంతే.

విప్పలేదు. నువ్వూ బావా పింకీ ఉన్నప్పుడే విప్పుదాం. హాల్లో పరుద్దాం, పింకీని నడవనిద్దాం. గ్యాలరీకి ఇవ్వాలా వద్దా అన్నది నువ్వు చెప్పు. ఏడాది కాపాడింది నువ్వు. గ్రెగ్‌తో పన్నెండు ఉన్నాయన్నాను. మిగతావి ఏమయ్యాయని అడిగితే, "నేనే కాల్చాను" అన్నాను. అబద్ధం చెప్పలేదు కదా.

ఒక్కటి చేశాను. మా పనిలో పాత అంటింపులు ఊడదీయడం నాకు బాగా వచ్చు. అట్ట చెడకుండా ఆవిరి పట్టి, చాకు మొనతో మెల్లగా లేపాలి. నువ్వు అంటించిన స్టిక్కరు లేపాను. దాని కింద తిరిగొచ్చినప్పటి స్టిక్కరు, ఎవరూ తీసుకోలేదన్నది, దాన్ని కూడా లేపాను. ఒక మూల అది అప్పటికే ఎవరో ఒకసారి ఎత్తి, బంకతో తిరిగి అంటించినట్టు ఉంది. వాటిల్ బంక. వాసన పట్టాను.

దాని కింద నా పేరు ఉంది, నాన్న చేత్తో. పక్కన మూలన ఎర్ర పెన్సిలు.

మళ్ళీ.

నీ నంబరు తెరిచాను అక్కా. ఏడవాలనిపిస్తే చెయ్, ఈసారి వింటాను.

పండు